తిని వెళ్లాడని చెప్పాను

"తినవా?"

"తిన్ను. కొత్త పెట్టకుండా ఎలాగ తింతాను?"

"అయితే పస్తుండు."

"ఉంటాన్లే."

మా ఆయనా నేనూ చివరిసారి మాట్లాడుకున్న మాటలు ఇవే. ఆరేళ్లయింది. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నాకు సంతకం వరకే వచ్చు, అందుకని నేను చెబుతుంటే మా ఆడపడుచు కూతురు, చదువుకున్న గుంట, రాస్తోంది. ఈ నాలుగు ముక్కలు రాసి నా మొహంలోకి చూసింది. ఆగకు, రాయి అన్నాను. వాళ్లమ్మ కాఫీ పళ్లు కోయడానికి తోటకి వెళ్లింది. అన్నం వేళకి వచ్చేస్తుంది. ఆమె వచ్చేలోపల ఇది అయిపోవాలి.

ఆయన కొండ మనిషి. నేను కింద ఎస్.కోట దాన్ని. మా నాన్న అరకు సంతకి ఎండుచేపలు తెచ్చి అమ్మేవాడు. నాన్న వెంట వచ్చి వచ్చి నేను ఇక్కడే ఉండిపోయాను. స్టేషన్ వెనక రేకుల గదిలో పద్దెనిమిదేళ్లు కాపురం చేశాం. పిల్లలు కలగలేదు. ఆయన సంతలో బస్తాలు మోసేవాడు. అల్లం గానీ రాజ్‌మా గానీ, ఏది లారీకెక్కాలన్నా ఆయన వీపు మీదుగానే ఎక్కేది.

కొండ మీద చెట్టుకి కాయ కాసిందని కోసుకు తినెయ్యరు. ముందు ఊరి దేవతకి కొత్త పెట్టాలి, కోడిని కొయ్యాలి. అప్పుడే ఆ ఏటి కాయ నోట్లో పెట్టుకుంటారు. మామిడికీ అంతే, చిక్కుడుకీ అంతే, సామలకీ అంతే. మా ఆయన గుళ్లూ గోపురాలూ తిరిగే మనిషి కాదు. కానీ ఈ ఒక్క కట్టుబాటు దగ్గర మాత్రం కదిలేవాడు కాదు.

ఆ ఏడు చుట్టుపక్కల ఊళ్లన్నీ మామిడి కొత్త చేసేసుకున్నాయి. ఆయన ఊళ్లో ఎవరో పెద్దాయన పోయాడని పండగ పది రోజులు వాయిదా వేశారు. సంతలో చూస్తే కాయలు రాసులు పోసి ఉన్నాయి. కింద నుంచి వ్యాన్లో వచ్చిన కాయలు నాలుగు కొన్నాను. ఇవి కొండ చెట్టువి కావు కదా, వీటికి కట్టుబాటేమిటని నాలో నేనే వాదించుకున్నాను. తెలియక చేశానని చెప్పను. పద్దెనిమిదేళ్లు ఆ మనిషితో బతికినదాన్ని, తెలిసే చేశాను. పుల్లగా పప్పు తినాలనిపించింది. ఎవరో పోతే నేనెందుకు ఆగాలి అనిపించింది.

ఆ రోజు సంత. ఆయన తెల్లారకముందే వెళ్లి, ఒక లారీ నింపి, పదింటికి అన్నానికి వచ్చాడు. గిన్నె మూత తీశాడు. వాసన చూసి మళ్లీ పెట్టేశాడు. నేను ఇంకేమీ వండలేదు. కాస్త కారం, నూనె వేసి అన్నం కలిపి ఇచ్చినా తినేవాడు. ఇవ్వలేదు. పైగా ఒక మాట కూడా అన్నాను. అది కూడా రాయి గుంటా, మానకు. మీ దేవతకి వేరే పని లేదేమో, కొండ దిగి మా చెట్లకి కూడా కాపలా కాస్తోంది అన్నాను. ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. ఆ తర్వాతే, మొదట రాయించిన ఆ నాలుగు మాటలు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. నేను కూర్చుని ఆ పప్పుతో అన్నం తిన్నాను.

రెండింటికి కబురొచ్చింది. అల్లం బస్తా వీపు మీద ఉండగానే కూలబడిపోయాడట. ఆసుపత్రికి చేర్చేసరికే ప్రాణం లేదు.

సాయంత్రం మా ఆడపడుచు జీపు దిగి పరిగెత్తుకుంటూ వచ్చింది. నా రెండు భుజాలూ పట్టుకుని మొట్టమొదట అడిగిన మాట ఇది.

"మా అన్న తిన్నాడా వదినా?"

తిన్నాడు అన్నాను.

ఆ ఒక్క మాటే పట్టుకుని ఆమె ఈ ఆరేళ్లూ ఏడుపు దిగమింగుకుంది. ఏడాదికోసారి ఆయనకి పెట్టుకునే రోజున వచ్చిన వాళ్లందరికీ చెబుతుంది, మా వదిన చేతి అన్నం తినే పోయాడని. నన్ను నెల రోజులు తన ఇంట్లోనే ఉంచుకుని, నేను వద్దన్నా ముద్దలు చేసి పెట్టింది. తర్వాత నేను ఎస్.కోటలో మా తమ్ముడి పంచన చేరాను. అయినా ఏటేటా కాఫీ కోతలకి రమ్మని కబురు పంపుతూనే ఉంది. ఏదో పని చెప్పి ఎగ్గొట్టేదాన్ని. ఈ కొండ మీద నన్ను రా అనే ఇల్లు ఇదొక్కటే. నా అబద్ధం బయటపడితే ఇదీ ఉండదు.

మరి ఈసారి ఎందుకు వచ్చానంటే, ఒక ఆశ పుట్టి వచ్చాను. ఇంట్లో తినకపోతే మాత్రం ఏం, బయట తిని ఉండొచ్చు కదా. స్టేషన్ రోడ్డులో ఒక మెస్సు ఉంది. బస్తాల పనివాళ్లు అక్కడే తినేవాళ్లు. నడిపే ఆవిడ మా ఆయన వాళ్ల మనిషే. ఆ రోజు ఆయన అక్కడ కూర్చుని నాలుగు ముద్దలు తిని ఉంటే, నా ఆడపడుచు నమ్మింది సగమైనా నిజమైనట్టే. అప్పుడు నేను ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. తినలేదంటే? ఆ భయంతోనే ఆరేళ్లు అడక్కుండా గడిపాను.

నిన్న పొద్దున కిరండూల్ రైలెక్కి అరకులో దిగాను. మా రేకుల గది ఉన్న చోట లాడ్జి లేచింది. దాని ముందు కార్లు. స్వెట్టర్లేసుకున్న జనం ఫోటోలు దిగుతున్నారు. నేను నీళ్లు పట్టుకున్న కుళాయి ఎక్కడుందో కూడా ఆనవాలు దొరకలేదు. అక్కడ నిలబడే పని పెట్టుకోకుండా తిన్నగా మెస్సుకి నడిచాను. నడుస్తూ నడుస్తూ రెండుసార్లు వెనక్కి తిరిగాను.

మెస్సు కూడా మారింది. రేకులు పోయి స్లాబు పడింది, బల్లలకి గాజు అద్దాలు వేశారు, బయట బొంగులో కోడికూర కాలుతోంది. కానీ లోపల వాసన మాత్రం అదే. కట్టెల పొగ, మిరియాలు, పోపులో ఎండుమిరప. గోడవార బల్ల దగ్గర కూర్చున్నాను. వడ్డించేది ఆవిడే. జుట్టు నెరిసింది, నడుం వంగింది. నన్ను గుర్తుపట్టలేదు. భోజనమేనా అని అడిగి విస్తరి వేసింది.

ఆవిడ అన్నం వేసినప్పుడే అడుగుదాం అనుకున్నాను. నోరు తెరిచాను, పప్పు వెయ్యమన్నాను. రాజ్‌మా కూర వేసినప్పుడు అడుగుదాం అనుకున్నాను. అప్పుడూ అడగలేదు. పక్క బల్ల దగ్గర ఎవరో పెరుగు కావాలని పిలిచారు, ఆవిడ అటు వెళ్లింది.

ఉన్నదున్నట్టు చెప్పాలి కాబట్టి ఇది కూడా చెబుతున్నాను, ఆ అన్నం చాలా బాగుంది. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు, చలికి వేళ్లు కొంకర్లు పోయాయి. పొగలు కక్కే అన్నంలో చెయ్యి పెట్టగానే ముందు వేళ్లు తేరుకున్నాయి. రాజ్‌మా కూరలో గింజ మెత్తగా ఉడికి, నాలుక మీద పెడితే విడిపోతోంది. అల్లం దండిగా వేసింది. కింద మా తమ్ముడింట్లో ఆరేళ్లుగా తింటున్నాను, ఎప్పుడూ ఇలా తినలేదు. ఈ అన్నం మా ఇంటి అన్నంలా ఉంది. ఈ నీళ్లతో ఉడికిన బియ్యం, ఈ కట్టెల మంట. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే కారం అనుకోనీలే అని తల వంచుకుని తిన్నాను. వచ్చిన పనేమిటో, నేను చేస్తున్నదేమిటో అని సిగ్గు వేసింది. అయినా చెయ్యి ఆగలేదు.

మిరియాల చారు పోయడానికి వచ్చినప్పుడు ఆవిడ గరిటె ఆపి నన్ను తేరిపార చూసింది.

"నువ్వు బస్తాలాయన ఇంటిదానివి కాదేటి వదినా?"

అవునన్నాను. ఆవిడ చారు గిన్నె బల్ల మీద పెట్టేసి ఎదురుగా కూర్చుంది. ఎక్కడుంటున్నావు, ఎలా ఉన్నావు, ఇంత చిక్కిపోయావేమిటి అని అడుగుతోంది. ఆయన లాగా బస్తా ఎత్తేవాడు మళ్లీ సంతలో పుట్టలేదంది. ఎలా ఉన్నానో నేను ఏం చెప్పానో నాకు గుర్తు లేదు. ఇక ఆలస్యం చేస్తే ఎప్పటికీ అడగలేనని తెలిసింది.

"పోయిన రోజున నీ దగ్గిర తిన్నాడా?"

"నేదు వదినా."

విస్తట్లో నా చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆవిడకి నా మొహం ఎలా కనిపించిందో, గబగబా చెప్పుకుపోయింది. పన్నెండింటికి ఇటే వెళ్తున్నాడట. ఎండలో చెమటలు కారుతుంటే తనే లోపలికి పిలిచిందట, వచ్చి తినమని. గుమ్మంలోనే నిలబడ్డాడట, లోపలికి రాలేదట.

"ఇంటి కాడ తినేసినానన్నాడు వదినా. ఏటి తిన్నావంటే, మామిడికాయ పప్పు, రెండుసార్లు ఏయించుకున్నానన్నాడు. మీ ఊళ్లో కొత్త అయిపోనాదేటి అనడిగినాను. అయిపోనాదన్నాడు. మంచినీళ్లు మాత్రం రెండు గళాసులు తాగినాడు."

అని నా మోచెయ్యి మీద చెయ్యి వేసింది. నీ చేతి కూడు తినే పోయాడు, ఆ మాట తలుచుకుని ధైర్యంగా ఉండు అంది.

కొత్త కాలేదని ఆయనకి తెలుసు. దానికోసమే నా గిన్నె ముట్టకుండా వెళ్లాడు. రెండు గంటలు తిరక్కుండానే తన వాళ్ల మనిషి ముందు నిలబడి, కొత్త అయిపోయిందని, కాయ తిన్నానని చెప్పాడు. అబద్ధమాడడం చేతకాని మనిషి. ఏం తిన్నావంటే వేరే కూర పేరు కూడా తోచలేదు, గిన్నెలో చూసిందే చెప్పాడు. పస్తుంటానని నాతో అన్నాడు కాబట్టి పస్తే ఉన్నాడు. అలా ఉన్నాడని మాత్రం ఎవరికీ తెలియనివ్వలేదు. నేను ఆడపడుచుకి చెప్పిన మాటే, నాకంటే ముందు ఆయన చెప్పాడు.

ఆవిడతో అసలు సంగతి చెప్పలేదు. ఇంకొంచెం అన్నం వెయ్యనా అంటే వెయ్యమన్నాను. చారు పోసుకుని అదంతా తిన్నాను. ఆకలేసింది, తిన్నాను. ఆయనకీ ఆ రోజు అలాగే ఆకలేసి ఉంటుంది.

అక్కడి నుంచి జీపెక్కి ఈ ఊరొచ్చాను. ఆడపడుచు వీధిలోకి ఎదురొచ్చి నా సంచి లాక్కుంది. అరుగు మీద ముగ్గురు నలుగురు ఆడవాళ్లు కూర్చుని ఉంటే, ఇదిగో మా వదిన, మా అన్నకి ఆఖరి ముద్ద పెట్టిన మనిషి అని చెప్పింది. నేను కాళ్లు కడుక్కునే నెపంతో పెరట్లోకి పోయాను. ఇదివరకైతే ఆ మాట వినీ విననట్టు ఊరుకోగలిగేదాన్ని. మెస్సులో విన్నాక అది నా వల్ల కావడం లేదు.

ఎదురుగా చెబుదామంటే, ఆమె మొహం చూస్తే నాకు మాట రాదు. మధ్యలో ఆపేస్తాను, లేదా నా తప్పు తగ్గించి చెబుతాను. అందుకే కాగితం మీద పెట్టమన్నాను.

ఈ గుంట ఇందాక పెన్ను పక్కన పెట్టేసింది, బతిమాలితే మళ్లీ తీసింది. అమ్మకి ఇది వినిపించొద్దంటోంది.

"మామయ్యే తిన్నానని సెప్పినాడు గదత్తా. నువ్వెందుకు మార్సడం?"

ఆయన నన్ను కాపాడడానికి చెప్పాడు. నేనూ నన్ను కాపాడుకోవడానికే చెప్పాను. ఆమెకి మాత్రం ఇద్దరిలో ఎవరమూ నిజం చెప్పలేదు. సొంత చెల్లెలు, ఆమెకి తెలియాలి. విన్నాక పొమ్మంటే పోతాను. సంచి సర్దే ఉంచాను, సాయంత్రం కిందికి రైలుంది. ఉండమంటే మాత్రం నిజం తెలిసి ఉండమన్న ఇంట్లో ఉంటాను. ఏమంటుందో నాకు తెలియదు.

ఆగకు గుంటా, ఇదొక్కటీ రాసెయ్యి. మీ అమ్మ ముందు చదివేటప్పుడు, నేను పప్పు తిన్నానన్న చోట నీ గొంతు తగ్గించకూడదు. ఎక్కడైనా నా తప్పు చిన్నది చేసి రాసి ఉంటే నాకు తెలియాలి. తోట నుంచి మనుషులు దిగుతున్న సద్దు వినిపిస్తోంది. బేగి, మొదటి నుంచి ఒకసారి నాకు సదివి ఇనిపించు.