పళ్ల మధ్య తాటాకు బుట్ట

లిల్లీ కుడివైపు పై దవడ పళ్లు ఎక్కడ పోయాయని ఎవరైనా అడిగితే సరస్సులో పోయాయని చెబుతుంది. అది అబద్ధం కాదు. పులికాట్ ఒడ్డున వాళ్ల పేటలో ఆడవాళ్లు రొయ్యల్ని చేతులతో తడిమి పడతారు. నడుం లోతు నీళ్లలో వంగి, రెండు అరచేతులూ బురద మీద చాపలా పరిచి, వేళ్ల కింద ఏది కదిలితే దాన్ని పట్టుకోవాలి. రెండు చేతులూ నీళ్లలోనే ఉంటాయి కనుక బుట్టను పట్టుకునేది పళ్లే. తాటాకుతో అల్లిన సన్న మూతి బుట్ట అంచును దవడ పళ్ల మధ్య కరిచి పట్టుకుంటే, రొయ్య పడినప్పుడల్లా బుట్ట గడ్డం కింద చిన్నగా వణుకుతుంది. ఆ వణుకు పళ్లలోంచి చెవిలోకి పాకుతుంది. నలభై ఏళ్లపాటు లిల్లీ రొయ్యల్ని అలా చెవులతోనే లెక్కపెట్టింది.

నోట్లో బుట్ట ఉంటే మాట రాదు. అందుకని వాళ్లు ఊఁ కొడతారు. ఇక్కడున్నాను అని ఒక ఊఁ, ఇటు రండి అని సాగదీసిన ఊఁ, ముల్లు గుచ్చుకుంటే తెగిన ఊఁ. ఆ శబ్దం బుట్ట బొర్రలోకి దూరి, కుండలో గాలిలా గుండ్రంగా తిరిగి, నీళ్ల మీదుగా పోతుంది. పొద్దు పొడిచే వేళ మంచు ఇంకా విడవకముందు పదిమంది ఆడవాళ్లు సరస్సులో దిగితే మనుషులు కనబడరు. ఊఁలు మాత్రం అక్కడొకటి ఇక్కడొకటి తేలుతూ ఉంటాయి. లిల్లీ చిన్నప్పుడు ఒడ్డున కూర్చుని ఆ పది ఊఁలలో వాళ్లమ్మ ఏసుమణిది ఏదో గుర్తుపట్టేది. కాస్త కిందికి ఒరిగి, చివర్లో గరుకుగా ఆగే ఊఁ అది. అది వినబడినంతసేపూ ఆకలి గుర్తొచ్చేది కాదు.

ఇప్పుడు లిల్లీకి యాభై ఆరేళ్లు. ఆమె అక్క ఎలిశబెతుకు అరవై దాటాయి. షుగరు వచ్చి, రెండేళ్లలో అక్క కళ్లలో వెలుగు మూడు వంతులు తీసుకుపోయింది. ఎండ ఏ వైపుందో తెలుస్తుంది, మనిషి ఎవరో తెలియదు. అయినా నీళ్లలో దిగడం మానలేదు. బురద కింద కళ్లతో పనేముంది అంటుంది. లిల్లీ ముందు నడిచి ఊఁ కొడుతుంటే ఆ ఊఁను పట్టుకుని వెనకాలే వస్తుంది, ఒడ్డు చేరేదీ అలాగే. లిల్లీ ఊఁ లేకపోతే ఆమెకు సరస్సు లేదు. ఆ సంగతి ఇద్దరూ ఏనాడూ పైకి అనుకోలేదు.

కుడివైపు పళ్లు పోయాక లిల్లీ బుట్టను ఎడమవైపుకు మార్చబోయింది. నాలుగు రోజులకే అక్కడి పళ్లు జివ్వుమనడం మొదలుపెట్టాయి. ఇవి కూడా కదిలితే అంతే సంగతులని బెదిరి, మిగిలిన ఒకటి రెండు ముందు పళ్లతో నెట్టుకొస్తోంది. ఆమె కూతురు అబిగయీలు సూళ్లూరుపేటలో డాక్టర్ మధుబాబు గారి పళ్ల ఆసుపత్రిలో సహాయకురాలు. ఎముకలో స్క్రూ దించి దాని మీద పన్ను కట్టొచ్చునని తల్లిని పోరి పోరి తీసుకెళ్లింది. ఎక్స్‌రే ఫోటో తీసి చూస్తే స్క్రూ దిగేందుకు అక్కడ ఎముక లేదు.

డాక్టరు వెలుగు పెట్టె మీద ఫోటో ఉంచి ఓపిగ్గా చెప్పాడు. చెంప ఎముక వెనక అందరికీ ఒక ఖాళీ గది ఉంటుందట. పళ్లు పోయిన చోట ఏళ్లు గడిచేకొద్దీ ఆ గది నేల కిందికి దిగిపోతుందట. పక్కనుంచి చిన్న కిటికీ తెరిచి, కోడిగుడ్డు పెంకు కింది పొరలాంటి సన్నటి పొరను చిరగకుండా పైకి లేపి, ఆ కింద ఎముక పొడి నింపాలి. ఆరేడు నెలలకు అది గట్టిపడి సొంత ఎముకవుతుంది. అప్పుడు స్క్రూ.

"కొత్త పళ్లొస్తే ముందు ఏం తినాలనుందమ్మా?" అని అడిగాడాయన.

"తినేదానికి కాదు సార్. బుట్ట పట్టేదానికి."

ఆయన నవ్వి, అది తర్వాత మాట్లాడుకుందామన్నాడు. లిల్లీకి మాత్రం ఇంకో సంగతి పట్టుకుంది. ఊఁ కొట్టినప్పుడు చెంపలోపల ఒక గది జుమ్మంటుందని ఆమెకు ఎప్పట్నుంచో తెలుసు. వేలు పెట్టి చూపించగలదు కూడా. ఆ గదినే ఇప్పుడు ఈయన పూడ్చేస్తానంటున్నాడు.

"సార్, ఆ గది నింపితే నా ఊఁ ఏమైపోద్ది?"

డాక్టరుకు అర్థం కాలేదు. అబిగయీలు సిగ్గుపడి, అవన్నీ ఏం కావులే మా, అంది. నింపేది అడుగున కొంచెమేనని, గొంతుకేమీ కాదని ఆయనా అన్నాడు. కానీ ఆయన సరస్సులో ఎప్పుడూ దిగలేదు గదా అనుకుంది లిల్లీ.

క్రిస్మస్ వెళ్లిన రెండో వారంలో ఆపరేషన్ చేశారు. నొప్పి తెలియలేదు గానీ తలలోపల ఎవరో తలుపు సర్దుతున్న చప్పుడు మాత్రం వినబడింది. ఇంటికొచ్చాక అబిగయీలు నియమాలన్నీ వరసగా చెప్పింది. ముక్కు చీదకూడదు, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి, వంగకూడదు, బరువు ఎత్తకూడదు, నెలరోజులు నీళ్లలో దిగకూడదు. పళ్లతో ఏదీ పట్టుకోకూడదన్నది రెండుసార్లు చెప్పింది.

చెంప బూరెలా పొంగింది. లిల్లీ ఒడ్డున తుమ్మచెట్టు నీడలో కూర్చునేది. అలా ఊరికే కూర్చోవడం చిన్నతనం తర్వాత ఇదే. దూరంగా రోడ్డు మీద బస్సులు పోతుంటాయి. సరస్సు మధ్యలో కొంగల వరస తెల్లటి గీత గీసినట్టుంటుంది. ఊఁలే లేవు. ఇప్పటి పిల్లలు ప్లాస్టిక్ టబ్బు నడుముకు కట్టుకుని దిగుతున్నారు. నోరు ఖాళీగా ఉంటుంది కనుక సీరియల్ కథలు చెప్పుకుంటూ నవ్వుతూ పడతారు. ఆ నవ్వులు వింటుంటే బాగానే ఉండేది గానీ, కళ్లు మూసుకుంటే వాటిలో అమ్మ ఎక్కడా దొరికేది కాదు.

ఎనిమిదో రోజు ఉదయం ఎలిశబెతు ఉండబట్టలేక ఆ పిల్లలతో దిగింది. లిల్లీ వద్దన్నా వినలేదు. వాళ్ల చెయ్యి పట్టుకునే ఉంటానంది. గంట తర్వాత గాలి లేచింది. ఒడ్డుకు వచ్చేసిన పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు. పెద్దమ్మ నీతో ఉందనుకున్నానంటే నీతో ఉందనుకున్నానని. ఎలిశబెతు ఇంకా నీళ్లలోనే ఉంది. ఎండ మబ్బు వెనక్కి పోవడంతో ఆమెకు ఏ దిక్కూ మిగల్లేదు. ఆమెకు పది బారల అవతల పడవల కోసం తవ్విన కాలువ ఉంది. అందులో అడుగు పెడితే కాలికి నేల అందదు.

పిల్లలంతా ఒక్కసారిగా ఇటు రా పెద్దమ్మా, ఇటు రా అని అరిచారు. గట్టు పొడుగునా తలా ఒక చోట నిలబడి అరుస్తుంటే ఎటని రావాలి? ఆమె ఒకసారి అటు, ఒకసారి ఇటు తిరిగి, చివరికి కాలువ వైపు ఒక అడుగు వేసింది.

లిల్లీ అందరినీ నోరు మూసుకోమని చేత్తో సైగ చేసింది. పెదాలు బిగించి ఊఁ కొట్టింది. పొంగిన చెంపలోంచి అది దోమ రొదలా సన్నగా వచ్చి గాలిలో కలిసిపోయింది. తన భయమే నిజమైందనుకుంది. గది పూడిపోయింది, ఊఁ పోయింది. ఎలిశబెతు ఇంకో అడుగు వేసింది.

తుమ్మకొమ్మకు లిల్లీ బుట్ట వేలాడుతోంది. ఆమె దాన్ని లాగి, ఆలోచించకుండానే అంచు నోట్లో పెట్టుకుంది. కుడివైపు కుట్లు గుర్తొచ్చి ఎడమవైపుకు జరిపింది. జివ్వుమంటాయని దాచుకుంటూ వచ్చిన పళ్లతోనే కరిచి ఊఁ కొట్టింది.

బుట్ట నిండింది. శబ్దం గుండ్రంగా తిరిగి, కాస్త కిందికి ఒరిగి, నీళ్ల మీద పరుచుకుంది.

ఎలిశబెతు ఆగింది. తల పక్కకు వంచి విన్నది. తర్వాత నిదానంగా ఇటు తిరిగి నడిచింది. లిల్లీ ఊపిరి తీసుకున్నప్పుడు ఆమె ఆగేది, మళ్లీ ఊఁ రాగానే కదిలేది. ఆమె తడి చెయ్యి వచ్చి బుట్టకు తగిలేదాకా లిల్లీ ఊఁ కొడుతూనే ఉంది.

అక్క వేళ్లు బుట్ట అంచు మీదుగా పాకి, కరిచి పట్టిన చోట ఆగాయి.

"ఎడమేపు పట్టినావా?"

"ఊఁ."

"అదే. అమ్మకీ కుడేపు పళ్లు ఊడిపోయినాక ఎడమేపే పట్టేది. నువ్వనుకోలేదే నేను." ఎలిశబెతు గట్టు మీద కూలబడి చీర కొంగు పిండుకుంది. "అమ్మ పిలస్తా ఉంది, ఇంటికి పోవాల అనుకున్నా."

లిల్లీ బుట్ట తీసి ఒళ్లో పెట్టుకుంది. తాటాకు మీద రెండు పంటి గాట్లు పడి ఉన్నాయి. కొంచెం ఎర్రగా తడి. దాన్ని బొటనవేలితో తుడిచి, బుట్టను అక్క పక్కకు జరిపింది.

"అబిగయీలుకు చెప్పబాక," అంది.

"నాకేం కనబడిందని చెప్తా," అంది ఎలిశబెతు.

రెండ్రోజులకు కుట్లు విప్పడానికి పోయింది. డాక్టరు అద్దం పెట్టి అటూ ఇటూ చూశాడు. గాయం బాగా మానింది, లోపల పొర చెక్కుచెదరలేదు అన్నాడు. ఎడమవైపు చిగుళ్లు మాత్రం ఎందుకో ఒరుసుకుపోయాయన్నాడు. చెప్పినవన్నీ పాటించావా అమ్మా, పళ్లతో ఏమీ పట్టుకోలేదు గదా అని అడిగాడు.

కుర్చీ పక్కన అబిగయీలు తల్లి కళ్లలోకే చూస్తూ నిలబడింది. లిల్లీ నోటినిండా అద్దమూ దూదీ ఉన్నాయి.

"ఊఁ," అంది లిల్లీ. చెంపలోపల గది, ఎప్పట్లాగే, జుమ్మంది.