మా ఇంటి పక్షికి మూడు కాళ్లు

మైనం అత్తయ్య గురించి వీధిలో చెప్పుకునేవాటిలో సగం కోతలే. ఒక్కటి మాత్రం నిజం: వేడి మైనం నింపిన కలంతో ఆమె గుడ్డ మీద గీత మొదలుపెట్టిందంటే, వాలబోయిన ఈగ కూడా గీత పూర్తయ్యేదాకా గాల్లోనే ఆగేది. నమ్మనివాళ్లు ఆ ఈగనే అడగవచ్చు.

నలభై ఏళ్లుగా ఆమె గీసింది ఒకే పక్షిని. మైనం ఉన్నచోట రంగు ఎక్కదు. నీలి తొట్టిలో ముంచిన గుడ్డను వేడినీళ్లలో ఉడికిస్తే మైనం కరిగి, పక్షి తెల్లగా బయటపడేది, మూడు కాళ్లతో. మూడెందుకని అడిగిన నోళ్లన్నిటికీ ఆమె జవాబు ఒకటే: మా ఇంటి పక్షి అంతే.

ఒకరోజు ప్రదర్శనశాల నుంచి కళ్లజోడు పెద్దమనిషి దిగాడు. తరాలుగా వెంట్రుకవాసి మారని బొమ్మ ఒక్కటి ఎంచి అద్దాల పెట్టెలో పెడతారట. పక్షిని చూడగానే ఆ మూడు కాళ్లూ మూడు కాలాలని తేల్చి, మూడు పేజీలు నింపేశాడు. తన పక్షిలో ఇంత వేదాంతముందని అప్పుడే తెలిసినా, అత్తయ్య ముందే తెలిసినదానిలాగే తలూపింది. పెట్టెలోకి ఎక్కాలని ఆమెకు మాత్రం ఉండదా?

అసలు సంగతి వేరు. కొత్తకోడలిగా వచ్చిన వారంలో మైనం గిన్నె అందిస్తూ అత్తయ్య తన అత్తగారి మోచేతికి తగిలింది. పక్షి పొట్ట కింద చుక్క పడింది. పడ్డ మైనాన్ని గీకినా మచ్చ పోదు. ఇంటిల్లిపాదీ చూస్తుండగా, ఆ మహాతల్లి తలెత్తకుండానే చుక్కను గీతగా లాగి, మూడు వేళ్లు తగిలించి, మా పక్షికి మూడు కాళ్లేనని తేల్చేసింది. ఆ మాట నిలబెట్టడానికే నలభై ఏళ్లు పట్టింది.

ఇక మిగిలింది ఒక్క పరీక్ష. సంప్రదాయం తర్వాతి తరానికి అందిందో లేదో చూడాలని, ఆర్నెల్ల క్రితం వచ్చిన కోడలిచేత గీయించమన్నాడు పెద్దమనిషి. ఒక్క గీత తేడా వచ్చినా పెట్టె లేదన్నాడు. కోడలు మూడు కాళ్లూ ముత్యాల్లా గీసింది. హమ్మయ్య అనుకుని కలం ఎత్తేటప్పుడు, దాని మూతి కింద పాతగుడ్డ పట్టడం మరిచింది. టప్పున పక్షి పొట్ట కింద ఒక చుక్క.

"ఇదేమిటమ్మా?" అన్నాడాయన, భూతద్దం దించి.

కోడలి మొహం రంగెక్కని గుడ్డయింది. అత్తయ్య ఆ మొహం చూసింది. పెట్టెను తలుచుకుని ఒక్క నిట్టూర్పు విడిచింది. కలం అందుకుని చుక్కను కిందికి లాగి, మూడు వేళ్లు తగిలించింది.

"నాలుగో కాలు బాబూ. మా ఇంటికి కోడలు వచ్చినప్పుడల్లా ఒకటి మొలుస్తుంది."

"మరి మూడోది?"

"అది నేనొచ్చినప్పటిది."

ఆయన తను రాసిన మూడు పేజీలకూ అడ్డగీతలు కొట్టేశాడు. పెట్టె వీధి చివరింటి రెండుకాళ్ల పక్షికి దక్కింది. ఆ ఇంట్లో పక్షి ముక్కు అత్తయ్య ఎరుకలోనే పదకొండుసార్లు మారింది.

కోడలు ఒకటే ఏడుపు.

"ఊరుకోవే," అంది అత్తయ్య కలం చేతికిస్తూ. "నాలుగున్నా పక్షేనని ఎలాగో బుకాయిస్తాను. ఐదోది మొలిచిందా, ఇక నా వల్ల కాదు. గుడ్డ పట్టుకుని గియ్యి."