వైర్‌లెస్‌లో హైలైఫ్

ఆ మధ్యాహ్నం వైర్‌లెస్ లైను మూసేసింది సిగ్నల్ కార్పొరల్ కాదు. నేను. విచారణలో ఈ మాట చెప్పలేదు. అతని భుజం మీది హోదా చారలు పోయాయి. నావి నిలిచాయి.

మా పోస్టు సాబా రాష్ట్రం తూర్పు తీరానికి అవతల, పగడపు దిబ్బ మీద స్తంభాలెత్తి కట్టిన చెక్క గుడిసె. వానాకాలం మొదట్లో, ఉదయం ఏడున్నరకు పడవ దిగాం. సార్జెంటు, మెషిన్‌గన్ జవాను, సిగ్నల్ కార్పొరల్, నేను. ఈ గోడ నుంచి ఆ గోడకు ఎనిమిది అంగలు. కింద నీళ్లు. సరిహద్దు దాటే పడవల్ని కనిపెట్టాలి, గంటకోసారి వైర్‌లెస్‌లో క్షేమం చెప్పాలి. రెండు వారాల డ్యూటీ అన్నారు. సముద్రం పొంగింది. మమ్మల్ని మార్చే పడవ రాలేదు. నెల దాటింది.

కార్పొరల్‌ది సుంగై సిపుట్ ఊరు, నాది బంటింగ్. ఇద్దరి తాతలూ తెలుగు ఊళ్ల నుంచి ఈ దేశపు రబ్బరు తోటల పనికి వచ్చినవాళ్లే. పటాలంలో తెలుగు మాట్లాడటానికి అతనికి నేను, నాకు అతను. అంతకుముందు అతను శాంతి దళంతో లెబనాన్ వెళ్లొచ్చాడు. అక్కడ పక్క శిబిరంలో ఘనా సైనికులు. వాళ్ల వంటమనిషి ఇతని ఫోన్ నిండా పాటలు ఎక్కించాడు. హైలైఫ్ అంటారు, పశ్చిమ ఆఫ్రికా రేవు పట్టణాల పాత డాన్సు పాటలు. గుప్పిట్లో పట్టే స్పీకరులో వాటిని మోగించేవాడు.

మొదట్లో విసుగొచ్చింది. "ఏట్రా ఇది, ఒకటే ముక్క తిప్పుతున్నాడు?"

"తొందరపడకు, అన్నా. రెండో గిటారు విను. మొదటోడు వదిలేసిన కాడ ఆడు అందుకుంటాడు."

విన్నాను. నిజమే. రెండు గిటార్లు ఒకదాని ఖాళీలో ఒకటి అడుగు పెడుతున్నాయి. వెనక గంటలాంటిది ఏదో టంగుటంగున ఒకే లెక్కలో మోగుతోంది. ఎవరికీ తొందర లేదు. అంతలో బాకాలు, ఆలస్యంగా వచ్చిన చుట్టాల్లా, అన్నీ ఒకేసారి.

"ఏటి పాడతన్నాడు?"

"సావు గురించంట. వంటోడు సెప్పినాడు."

"సావుకి ఇంత కులాసానా?"

"ఏడుత్తూ ఎంతసేపు కూకుంటాం, అన్నా?"

అడుగులు నేర్పాడు. పాదం చెక్క మీంచి లేవనక్కర్లేదు. మోకాళ్లు వదులు చేసి, నడుం కొంచెం తిప్పితే చాలు. ఆ పాట ఎక్కడికీ పోదు, ఉన్నచోటే తిరుగుతుంది. మేమూ అంతే. అందుకే మమ్మల్ని పట్టుకుంది. బయటికి దారిలేని చోట మూడు నిమిషాలు దారి అవసరమే ఉండేది కాదు.

ఆ రోజు మూడు గంటల పిలుపు నేనే చేశాను. కార్పొరల్ వాననీళ్లు పట్టడానికి నిచ్చెన దిగుతూ చెప్పాడు. "హ్యాండ్‌సెట్ కొక్కేనికే తగిలించన్నా. బల్ల మీద ఎట్టకు."

సార్జెంటు, మెషిన్‌గన్ జవాను బయట కాపలాలో ఉన్నారు. రేకుల మీద వాన. నేను హ్యాండ్‌సెట్ బల్ల మీద పెట్టాను. నడుం తేలికవ్వాలని తూటాల పౌచ్ విప్పి దాని మీద పడేశాను. స్పీకరులో అతని పాటలు పెట్టి ఆడాను.

హ్యాండ్‌సెట్ మీద మాట్లాడేటప్పుడు నొక్కే మీట ఆ బరువుకి నొక్కుకుపోయింది. ఒకరు మీట నొక్కి ఉంచితే, పోస్టులన్నీ పంచుకునే ఆ లైనులో ఇంకెవరూ మాట్లాడలేరు. మన సెట్టులో మాత్రం నిశ్శబ్దం. లైను ఖాళీగా ఉందనుకున్నాను.

పాటలు అయ్యాక పౌచ్ తీశాను. సెట్టు ఒక్కసారి అరిచింది.

"ఎవడి పాటరా అది? లైను వదలండి. ఉత్తర పోస్టులో మనిషి పడిపోయాడు."

అతనికి కడుపులో పేగు పగిలింది. కబురు అందక, అతన్ని తీసుకెళ్లే పడవ ఆలస్యంగా కదిలింది. బతికాడు కానీ మళ్లీ యూనిఫారం వేసుకోలేదు.

సార్జెంటు తడిబట్టలతో లోపలికొచ్చాడు. కార్పొరల్ అప్పుడే నీళ్ల డబ్బాలతో నిచ్చెనెక్కాడు. ఆ పాటలు ఎవరివో సెక్టారంతా ఎరుగుదురు.

"మీట ఎవరు నొక్కారు?"

కార్పొరల్ నా వైపు చూశాడు. నేను పౌచ్ నడుముకి కట్టుకుంటున్నాను. అతనే అన్నాడు, "సెట్టు బాధ్యత నాది, సార్జెంట్."

ఆ తర్వాత కూడా పడవ రాలేదు. అదే గది, అవే ఎనిమిది అంగలు. స్పీకరు అతని సంచి అడుగుకి వెళ్లిపోయింది. రోజూ ఒకే గిన్నెలోంచి అన్నం వడ్డించుకున్నాం. అతను ఉప్పు అందించేవాడు. మాట్లాడేవాడు కాదు.

చివరికి పడవ వచ్చింది. ఎదురెదురుగా కూర్చున్నాం. నా చూపు అతని బూటు మీద ఉంది. పాట లేదు, ఇంజను మోత ఒక్కటే. అతని మడమ మాత్రం చెక్క మీద పాటలోని ఆ గంట లెక్క వేస్తోంది. రేవు చేరేదాకా ఆ మడమనే చూశాను. ఇప్పటికీ కళ్లు మూస్తే అదే.

పోయిన నెల సుంగై సిపుట్ వెళ్లాను. అతనికి మోటార్‌సైకిళ్లు బాగుచేసే కొట్టుంది. విప్పిన చక్రం ముందు కూర్చుని ఉన్నాడు.

"ఆ పౌచ్ నాది" అన్నాను.

"తెలుసు. నానెప్పుడూ బల్ల మీద ఎట్టలేదు కదా." చేతికి అంటిన గ్రీజు గుడ్డతో తుడుచుకున్నాడు. "గుడిసెలో నువ్వు సెప్తావని సూసినాను. పడవలో గూడా నీ మొకమే సూసినాను, అన్నా. నువ్వు తలెత్తలేదు."

ఈసారి ఎత్తాను.

"బయపడినాను, తమ్ముడా. నీ సారలు నానే తీసినాను. నన్ను సెమించు."