పసుపు డ్రమ్ము బేరింగు

నిజామాబాద్ జిల్లాలో, పెర్కిట్ రోడ్డు మీద మోటార్లు, మిషన్ల స్పేర్ పార్టుల దుకాణంలో నేను కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరింది రెండువేల దశకం మధ్యలో. యజమానిని అందరూ సేటు అనేవారు. ఎవరో చెబితే కంప్యూటర్ కొన్నాడు కానీ, కొన్న రోజు నుంచీ దాన్ని అనుమానంగానే చూశాడు.

పసుపు సీజన్ మొదలవుతుండగా ఒకరోజు తేల్చి చెప్పాడు. "గిది సామాను జల్ది చూపెడితె ఉంచుత. లేకపోతె సీజన్ అయినంక గీ డబ్బ అమ్మేస్త. నువ్వు గూడ వేరే పని చూస్కో బిడ్డా."

డబ్బాతో పాటు నన్నూ ఒక సామాను కింద జమ కట్టాడని ఒళ్లు మండింది. మా ఇల్లు ఆ జీతం మీదే నడుస్తోంది కనుక భయమూ వేసింది.

చిక్కెక్కడుందంటే, కంప్యూటర్‌లో ఎక్కినవి కంపెనీ బిల్లుల్లోని పేర్లు. వచ్చే రైతు ఆ పేరెందుకు చెబుతాడు? ఎండిన కొమ్ములకు మెరుగు పెట్టే డ్రమ్ము సామానైతే, "పసుపు డ్రమ్ముకు ఏసేది" అంటాడు. అది కొడితే తెర ఖాళీ, సేటు ముఖంలో నవ్వు.

సెర్చ్ గడి ర్యాకుల దగ్గరికి పోయి వెతకదు. మనం కొట్టిన మాట, ముందే రాసి పెట్టిన మాటల్లో ఉందా లేదా అని చూస్తుంది, అంతే. లేకపోతే కళ్లెదుట ఉన్న వస్తువైనా లేనట్టే. ఇప్పుడు ఫోన్‌లో ఏ దుకాణం తెరిచినా పైన కనబడే గడి చేసేదీ చాలావరకు ఇదే.

ప్రతి వస్తువు కింద 'వివరం' అని ఒక ఖాళీ చోటుంది. దాన్ని నింపడం మొదలుపెట్టాను. వచ్చినవాళ్లనల్లా దీన్ని దేనికి వేస్తారు, మీ దిక్కు ఏమంటారు అని అడిగి, ఆ మాటల్నే ఎక్కించాను. ధర్పల్లి నుంచి పిండి గిర్ని బేరింగు కోసం వచ్చినాయన, "గిదే మా పసుపు డ్రమ్ముకు గూడ పడ్తది" అన్నాడు. గిర్ని పక్కన పసుపు డ్రమ్మునూ చేర్చాను.

"సామాను అమ్ముతున్నవా, పెండ్లి సంబంధం మాట్లాడుతున్నవా?" అని వెక్కిరించాడు సేటు.

"నాలుగు మాటలెక్కువ అడిగితె అమ్ముడుపోయేది మీ సామానే సేటు," అన్నాను.

సీజన్ మంచి జోరు మీదున్నప్పుడు ఆలూర్ రైతొకాయన విరిగిన బేరింగు పట్టుకుని వచ్చాడు. పసుపు ఎండింది, మెరుగు పెట్టే డ్రమ్ము ఆగిపోయింది, కూలీలు ఊరకే కూర్చున్నారట. సేటు డ్రమ్ము సామాను ర్యాకు తిరగేశాడు.

"అయిపోయింది పటేలా. నిజామాబాద్ పో."

ఆయన ముఖం చిన్నబోయింది. విరిగిన బేరింగు పట్టుకుని బయటికి నడిచాడు. నేను పసుపు, డ్రమ్ము అని రెండే మాటలు కొట్టాను. నిల్వ ఉన్న బేరింగు ఒకే ఒక్కటి వచ్చింది. ఉన్నది గిర్ని సామానులో, పై అరలో!

సేటును అడగలేదు. స్టూలెక్కి బేరింగు డబ్బా అందుకుని రోడ్డు మీదికి పరుగెత్తాను. ఆయన ఆటో ఎక్కుతున్నాడు.

"ఓ కాకా! ఆగు! దొరికింది!"

ఆడపిల్ల అలా అరిచేసరికి రోడ్డు మీది జనమంతా నావైపే చూశారు. చూడనీ అనుకున్నాను.

ఆయన పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. ఇరుసు దూరే రంధ్రం, బోల్టుల చోటు, అన్నీ సరిపోయాయి. "సల్లగుండు బిడ్డా," అన్నాడు.

సేటు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "గిర్ని సామాన్ల ఉన్నది నీకెట్ల దొరికింది?"

"మీ ర్యాకుల వస్తువు ఒక్క తావునే ఉంటది సేటు. నా దాంట్ల ఎన్ని మాటలు రాస్తె అన్ని తావుల దొరుకుతది."

ఆ మాట అన్నప్పటి నా గర్వాన్ని ఇప్పటికీ తగ్గించి చెప్పలేను. దేశాన్ని గెలిచినంత సంబరం.

మరునాడు నేను వెళ్లేసరికి మూలనుండే కంప్యూటర్ కౌంటర్ మీదికి వచ్చింది. సేటు తన కుర్చీ జరుపుకుని నాకు చోటు చేశాడు. మొదటి బేరం రాగానే అలవాటుగా ర్యాకు వైపు కదిలి, సగంలో ఆగిపోయాడు.

"జర ఆగు పటేలా," అన్నాడు. "మా మేడం చూసి చెప్తది."