ఈస్టర్‌కు పూసే కాక్టస్

గుడ్ ఫ్రైడేకి ముందు సోమవారం ఉదయం పుంగనూరు నుంచి ఫోను వచ్చింది. మా సైన్సు టీచరు పోయింది. నేను జాకెట్టుకు హుక్కులు కుడుతున్నాను. ఫోను పెట్టేసి మిగతా రెండు హుక్కులూ కుట్టేశాను. ఎందుకు కుట్టానో నాకే తెలియదు.

ఇది చదివే మా మదనపల్లె వాళ్ళలో చాలామందికి ఆమె తొమ్మిదో తరగతి సైన్సు చెప్పే ఉంటుంది. సుద్దముక్క విసిరేది. తగిలితే మళ్ళీ తనే వచ్చి తల రుద్దేది. నేను పది తప్పితే చెయ్యి పట్టుకుని తీసుకుపోయి కుట్టుపనిలో చేర్పించింది కూడా ఆమే. రిటైరయ్యాక మా ఎదురింట్లో ఒంటరిగా ఉండేది.

ఆమెకున్న పిచ్చల్లా ఒక కాక్టస్. ఎక్కడో దక్షిణ అమెరికాలో, మంచు పడే కొండల మీద పుట్టే జాతి. నిమ్మకాయంత ఉంటుంది. ఈస్టర్ రోజుల్లో అడుగునుంచి చుట్టూ ఎర్రగా, దండ వేసినట్టు పూస్తుంది. ఆ కుండీని చర్చికి తెచ్చి పాస్టరుగారి బల్ల పక్కన పెట్టేది.

పూయాలంటే దానికి చలి కావాలి, నీళ్ళు తగలకూడదు. అందుకని ప్రతి డిసెంబరులో ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కి, హార్స్‌లీ కొండ మీద తెలిసిన తోటమాలి ఇంటి అరుగు మీద వదిలి వచ్చేది. ఫిబ్రవరిలో పోయి తెచ్చుకునేది.

"దీనికీ టికెట్ కొట్టేదా టీచర్?" అని కండక్టరు నవ్వేవాడు.

"కొట్టప్పా, సీనియర్ సిటిజన్ అది" అనేది.

పోయిన ఆగస్టులో మట్టికుండీ పగిలితే దాన్ని తెల్ల ఎనామిల్ మగ్గులోకి మార్చింది. నవంబరులో కడుపులో కాన్సరన్నారు. పుంగనూరులో చెల్లెలింటికి పోతూ మగ్గు నా చేతిలో పెట్టింది.

"కొండకు తీసకపో పాపా. నీళ్ళు మాత్రం పోయగాకు. జాలిపడి పోస్తావు సూడు, బలుస్తాది గానీ పుయ్యదు. ఈసారి పువ్వు సూసే పోతా నేను."

"ఏం మాటలు టీచర్ అవి!" అని కసిరాను.

డిసెంబరంటే నాకు క్రిస్మస్ బట్టలు. రేపు పోదాం, ఎల్లుండి పోదాం అనుకుంటూనే జనవరి దాటిపోయింది. మగ్గు నా మిషను పక్కనే ఉండిపోయింది. ముడుచుకుపోతోందని నీళ్ళు కూడా పోశాను. నా చేతులు విరిగిపోనూ!

ఆమె ఫోను చేసినప్పుడల్లా ఒకటే మాట.

"మొగ్గేసిందా?"

"మూడుండాయి టీచర్" అన్నాను. మరుసటి వారం ఏడన్నాను. ఒకరోజు ఆమె గొంతు మరీ సన్నగా వినిపించింది. "ఫోటో పంపు పాపా" అంది. నిరుడు ఈస్టర్‌కు తీసిన ఫోటో ఫోనులో ఉంటే అదే పంపాను.

"బాగా పూసింది లేమ్మా" అంది. ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు. హమ్మయ్య, నమ్మింది అనుకున్నాను.

సమాధుల దగ్గర ఆమె చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది.

"ఫోటో సూసి నవ్విందమ్మా అక్క. 'పాత కుండీ గదా ఇది' అనింది. 'ఆ పిల్లకు పని ఎక్కువుంటాది, ఏమీ అనగాకండి' అనింది."

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆమె కోరింది ఒక్క పువ్వు. అది చూడకుండానే పోయింది, నా వల్ల.

ఈస్టర్ రోజు తెల్ల మగ్గును చర్చికి తీసుకుపోయి బల్ల పక్కన, ఎప్పటి చోటే పెట్టాను. పచ్చగా బలిసి కూర్చుంది. ఒక్క మొగ్గ లేదు. ప్రార్థన అయ్యాక ఒక పెద్దామె దగ్గరికి వచ్చి చూసింది. "అయ్యో, టీచరమ్మ సెట్టు" అంటూ, నేను వద్దనేలోపే, తన సీసాలోంచి కాసిని నీళ్ళు పోసింది.