రెండు గ్లాసులు

అరవైల్లో ఒక మధ్యాహ్నం బెజవాడ నుంచి జగ్గయ్యపేట బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన చేతులు వణుకుతున్నాయి. జ్వరమా అని అడిగాను.

"కాదండి. సినిమా హాళ్ల దగ్గర పాత హోటల్లో మావోళ్ల గ్లాసులు బయట విడిగా ఉంటాయండి. తాగి మేమే కడగాల. ఇవాళ ఎదురుగా ఉన్న కొత్త హోటల్లోకెళ్లా. కాఫీ తాగి గ్లాసు కడగబోతే సర్వరు లాక్కున్నాడండి. కొడతాడనుకున్నా. 'మీరు కడగటమేంటండీ, కూర్చోండి' అన్నాడు."

"కూర్చున్నారా?"

"లేదండి. భయమేసి వచ్చేశా."



నందిగామలో బస్సు ఆగితే కిందికి దిగి ఇద్దరికీ టీ తెచ్చాను. తాగాక కొట్లో డబ్బులిచ్చి తిరిగి చూసేసరికి, ఆయన బస్సు దిగి నా గ్లాసు కూడా తీసుకుని పంపు దగ్గర కడుగుతున్నాడు.

ఇప్పుడు ఆయన చేతులు వణకడం లేదు.