మైకు లేని క్లెమ్

పెళ్లి చేసుకుంటావా అని అడిగి వెయ్యిమంది చేత నవ్వించుకున్న మగాడు, ఆ నవ్వుల దెబ్బకి స్టూడియో పైకప్పు లేచి థేమ్స్ నదిలో పడుతున్నా చేతిలో మైకు వదలని మగాడు ఇంగ్లండు మొత్తానికి ఒక్కడే. పేరు క్లెమెంట్ హాథర్‌సేజ్. మాకందరికీ క్లెమ్. నమ్మకపోతే మీ ఇష్టం. కెమెరా వెనక కేబులు పట్టుకుని నేనక్కడే ఉన్నాను. కాలేజీ నన్ను భరించలేక కాదు, దాన్ని నేనే భరించలేక వదిలేసి ఆ పనిలో చేరాను. నేను కేబులు లాగిన తీరుకే మా టీవీ కామెడీ అన్నేళ్లు నడిచింది. ఇది కూడా మీ ఇష్టం.

కామెడీ పేరు ‘రెండో తాళంచెవి’. ఎదురెదురు వాటాల్లో ఉండే స్నేహితుల కథ. తగని మనిషిని ప్రేమించడం, తగిన మనిషితో పబ్బులో తగువు పడడం, పొద్దున్నే ఎదుటి వాటాలో దూరి వాళ్ల టోస్టు తింటూ ఏడవడం. చూసిన ప్రతివాళ్లూ అది తమ గురించే తీశారనుకునేవారు. శుక్రవారం సాయంత్రాలు జనాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని తీసేవాళ్లం. నటుడు తడబడితే మళ్లీ తీయాలి. జనం అదే జోకుకి మళ్లీ నవ్వాలి, అప్పుడే విన్నట్టు. మధ్యలో వాళ్లు చల్లారిపోకుండా కబుర్లు చెప్పి వేడిగా ఉంచడం క్లెమ్ ఉద్యోగం.

మైకు పట్టాడంటే శవం కూడా పళ్లికిలించాల్సిందే. పెళ్లాం వదిలేసి పోవడం, మోకాలి ఆపరేషను, తల్లి అంత్యక్రియల నాటి వాన, ఏదీ వదల్లేదు, అన్నీ జోకులే. మైకు కింద పెడితే మాత్రం క్యాంటీనులో ఉప్పు కావాలన్నా సైగే.

ఆ మూగవాడు టీ వేళకి తన గుడ్డు శాండ్‌విచ్చి పట్టుకుని బట్టల గదికి పోయేవాడు. అక్కడ నెరిస్ ప్రోబర్ట్ ఉండేది. నటుల బట్టలు కుట్టి, ఇస్త్రీ చేసే వేల్సు మనిషి. నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూడా ఇద్దరి మాటలూ తనే మాట్లాడగలిగేది. అతను ఇస్త్రీ బల్ల పక్కన కూర్చుని తినేవాడు, వినేవాడు. ఏళ్లపాటు అంతే. నేను వేలు పెట్టి ఉంటే వారంలో తేల్చేవాణ్ని. నన్నెవరూ అడగలేదు.

ఇంతలో నెరిస్‌కి కార్డిఫ్‌లో ఒక నాటకశాలలో పని దొరికింది. ఈ ఆఖరి భాగం తీయగానే వెళ్లిపోతానంది. క్లెమ్ ఆ వారమంతా శాండ్‌విచ్చి సగంలోనే వదిలేశాడు.

ఆ ఆఖరి శుక్రవారం కథలో నాయకుడు ఎదుటి వాటా అమ్మాయి ముందు మోకరిల్లి పెళ్లి మాటెత్తాలి. మోకరిల్లాడు. ప్యాంటు చిరిగింది. చిత్రీకరణ ఆగింది. నెరిస్ వేరే ప్యాంటు పట్టుకుని సెట్టు మీదికొచ్చింది. క్లెమ్ చేతిలో మైకుంది. మళ్లీ ఇలాంటి అదను ఎప్పటికి దొరుకుతుందో తెలియదు.

“నెరిస్, కార్డిఫ్ వెళ్లకు. నన్ను పెళ్లి చేసుకో,” అన్నాడు.

నాయకుణ్ని వెక్కిరిస్తున్నాడనుకుని జనం గొల్లుమన్నారు. అక్కడ నోరు మూసుకోవాల్సింది. కానీ నవ్వు వినబడితే పైన ఇంకొకటి వేయకుండా అతని నాలుక ఊరుకోదు. “ఇస్త్రీ నేనే చేసుకుంటాలే,” అనేశాడు. పైకప్పు లేచింది అప్పుడే.

నెరిస్ నోట్లోంచి సూదులు తీసింది. “బాగా పేలింది, క్లెమ్. దాచుకో, పనికొస్తుంది,” అంది. చిరిగిన ప్యాంటు చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.

మళ్లీ తీద్దాం అని కేక వినపడింది. జనాన్ని వేడి చేయాలి. క్లెమ్ మైకుని కుర్చీలో పెట్టి, పసిపాపని పడుకోబెట్టినంత నెమ్మదిగా పెట్టి, బట్టల గదివైపు నడిచాడు. నేనూ నడిచాను. కేబులు అంత దూరం రాదు. నా చెవి వస్తుంది.

నెరిస్ తలెత్తకుండా కుడుతోంది. “ఏం, ఇంకో జోకు మిగిలిపోయిందా?” అంది.

తల అడ్డంగా ఊపాడు. గుప్పిట ఇంకా మైకు పట్టుకున్నట్టే ఉంది. “మళ్లీ తీద్దామా?” అన్నాడు.

“ఇక్కడ నవ్వేవాళ్లెవరూ లేరు మరి.”

“అందుకే వచ్చాను. ఆదివారాలు నాకు బాగుండవు, నెరిస్. శుక్రవారం నీ దగ్గర విన్నవన్నీ తలుచుకుంటూ గడిపేస్తాను. నువ్వు వెళ్లిపోతే ఏం తలుచుకోను?”

నెరిస్ ఆగింది, చివర తగిలించే జోకు తోక కోసం. తలుపు వెనక నేనూ ఆగాను. అతను ఏ తోకా తగిలించలేదు.

అంతే, ఆవిడ భోరుమని ఏడ్చి అవునంది, నదిలో హంసలన్నీ రెక్కలతో చప్పట్లు కొట్టాయి. కార్డిఫ్‌లో వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా వంటింట్లో కూర్చుని ఈ కథ వాళ్లకే చెబుతాను. నెరిస్ ప్రతిసారీ నవ్వుతుంది, అప్పుడే విన్నట్టు. పోయినసారి క్లెమ్ నా ముందు టీ పెట్టి, ఉన్నమాట చెప్పాడు.

“పైకప్పు లేవలేదురా, అది ముందునుంచీ కారేదే. ఆ రోజు వాన, సగం సీట్లు ఖాళీ. ఈవిడ అవుననలేదు. ‘ఈ ప్యాంటు కాలు బిగించి పట్టుకో, కుడతాను’ అంది. పట్టుకున్నాను.”